ఇద్దరికీ ఒకే డైవ్ కంప్యూటర్ సరిపోతుందా?

ప్రశ్న: నేనూ మా ఆయనా ఈమధ్యే స్కూబా డైవింగ్‌లో మొదటి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు పూర్తి చేశాం. నాకు 46 ఏళ్లు, ఆయనకు 50. కోర్సులో అద్దె డైవ్ కంప్యూటర్లు ఇచ్చారు, లోతూ సమయమూ చూపిస్తూ మణికట్టుకు కట్టుకునేవి. నీళ్లలో ఉన్నంతసేపూ దాన్ని చూస్తూనే ఉన్నాను గానీ అందులో అంకెలు సగం అర్థం కాలేదు, మిగతా సగం దగ్గరి చూపు అద్దాలు లేక కనబడలేదు. త్వరలో నాలుగు రోజుల డైవింగ్ ట్రిప్ ఉంది, రోజుకు రెండు మూడు డైవ్‌లు. ఎలాగూ పక్కపక్కనే ఉంటాం కాబట్టి మంచిది ఒకటి కొని ఇద్దరం వాడుకుందామని మా ఆయన అంటున్నారు. మా ఇన్‌స్ట్రక్టర్ ఏమో ట్యాంక్‌లో గాలి ఎంత ఉందో కూడా చూపించే ఖరీదైన మోడల్ తీసుకోమన్నారు. మా మరిది తన పాత కంప్యూటర్ ఊరికే ఇస్తానంటున్నాడు. ఇంటర్‌నెట్‌లో చూస్తే ఆల్గరిథమ్‌లు, గ్రేడియంట్ ఫ్యాక్టర్లు అంటున్నారు. చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏం కొనాలో తేలడం లేదు. మాకు నిజంగా ఏం కావాలి?

సమాధానం: మీ ఆయన మాటతోనే మొదలుపెడతాను. మిగతా విషయాల్లో కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు గానీ, ఇందులో మాత్రం కుదరదు. ఇద్దరికీ ఒక కంప్యూటర్ సరిపోదు, ఎవరిది వారికి ఉండాల్సిందే. ఖరీదైనది ఒకటి కొనే డబ్బుతో మామూలువి రెండు వస్తాయనుకుంటే, ఆ రెండూ కొనుక్కోండి. మీ ఉత్తరంలోని సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎందుకో చెప్పాలంటే ఆ పరికరం ఏం చేస్తుందో తెలియాలి. డైవ్ కంప్యూటర్ మీ ఒంట్లోకి తొంగి చూడదు. దానికి తెలిసేవి రెండే: మీ మణికట్టు దగ్గర నీటి ఒత్తిడి ఎంత, ఆ ఒత్తిడిలో ఎంతసేపు ఉన్నారు. మనం పీల్చే గాలిలో దాదాపు 79 శాతం నైట్రోజన్. నీటి పైన గాలి ఒత్తిడి దాదాపు ఒక బార్. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ అది ఇంకో బార్ పెరుగుతుంది కాబట్టి 18 మీటర్ల దగ్గర అది 2.8 బార్. ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కండరాల్లో, కొవ్వులో కరుగుతూ పోతుంది. పైకి వచ్చేటప్పుడు మెల్లగా బయటికి పోతే ఇబ్బంది లేదు. అది పోయేదానికన్నా వేగంగా మనం పైకి వచ్చేస్తే బుడగలు కడుతుంది. డీకంప్రెషన్ సిక్‌నెస్ అంటే అదే.

శరీరమంతా ఒకే వేగంతో నైట్రోజన్‌ను పీల్చుకోదని హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గ్రహించి, 1908లో తన డైవింగ్ పట్టికలు ప్రచురించాడు. ఆ ప్రయోగాలు ఎక్కువగా మేకల మీద జరిగాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో బ్యూల్‌మన్ ఆ లెక్కను ఇంకా పెంచి, శరీరాన్ని 16 ఊహాత్మక భాగాలుగా విడగొట్టాడు. వాటిలో అతి వేగమైనది నాలుగైదు నిమిషాల్లో సగం నిండుతుంది. అతి నెమ్మదైనది సగం నిండడానికి 635 నిమిషాలు పడుతుంది, అంటే పది గంటలు దాటుతుంది. ఖాళీ కావడానికీ అంతే. కాబట్టి సాయంత్రం డైవ్ చేసి పడుకుంటే, ఆ నైట్రోజన్‌లో కొంత మర్నాడు పొద్దున బోటు ఎక్కేటప్పటికీ మీలోనే ఉంటుంది. కంప్యూటర్ రాత్రంతా ఆ లెక్క వేస్తూనే ఉంటుంది, స్క్రీన్ ఆరిపోయి ఉన్నా సరే.

ఇప్పుడు మీ పక్కపక్కన సంగతి చూడండి. ఇద్దరూ ఒకే చోట దిగుతారు, నిజమే. కానీ ఆయన 17 మీటర్ల దగ్గర రాళ్ల సందులో ఏదో చూస్తుంటే మీరు 14 దగ్గర తేలుతుంటారు. మూడోరోజు పొద్దున మీకు ఒంట్లో బాగోక ఒక డైవ్ మానేస్తారు, ఆయన వెళ్లొస్తారు. మధ్యాహ్నం ఆ కంప్యూటర్ ఎవరి చేతికి కడతారు? అందులో ఉన్నది ఎవరి నైట్రోజన్? ఒకరి రక్తపరీక్ష రిపోర్టు చూసి ఇంకొకరికి మందు రాసినట్టే. ఇందులోనే ఇంకో సంగతి ఉంది: ఈ ట్రిప్‌కు కొనడం కుదరక అద్దెకు తీసుకున్నా, నాలుగు రోజులూ అదే కంప్యూటర్ మీ దగ్గరే ఉండేలా మాట్లాడుకోండి. పేరు రాసి పట్టీకి ఒక టేపు అంటించండి. రోజూ సాయంత్రం తిరిగి ఇచ్చేసి పొద్దున వేరొకటి తీసుకుంటే, దానికి నిన్నటి మీ డైవ్‌ల సంగతి తెలియదు. అది ఇంకెవరి లెక్కో మోస్తుంటుంది, లేదా మీరు ఇంతవరకూ డైవే చేయలేదనుకుంటుంది.

ఎలాంటిది కొనాలన్న దగ్గరికి వద్దాం. నన్నడిగితే కొత్త డైవర్‌కు మొదటి ప్రశ్న, రెండో ప్రశ్న కూడా ఒకటే: నీళ్లలో ఒక్క చూపులో చదవగలరా? చదివింది అర్థమవుతుందా? మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఆల్గరిథమ్‌ల గురించి రాసింది కాదు, "సగం అర్థం కాలేదు, మిగతా సగం కనబడలేదు" అన్నది.

మీ వయసులో దగ్గరి చూపు మందగించడం మామూలే. మాస్క్ అద్దం వెనక నుంచి చూసినప్పుడు నీటిలో వస్తువులు ఉన్నదానికన్నా పెద్దవిగా, పావు వంతు దగ్గరగా కనిపిస్తాయి. పెద్దవిగా కనిపించడం కొంత మేలు చేస్తుంది గానీ, చూపు మరీ దగ్గర దూరానికి సర్దుకోవాలి కదా, అది మన వయసు కళ్లకు కష్టం. దానికి తోడు లోతుకు పోయేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. కాబట్టి షాపులో వెలుగు కింద చేతికి పెట్టుకుని "బాగానే కనబడుతోందే" అనుకుని కొనేయకండి. మీ మాస్క్ వెంట తీసుకెళ్లండి. చూపు అద్దాలు తీసేసి, మాస్క్ పెట్టుకుని, లైటు తక్కువగా ఉన్న మూలకు వెళ్లి, చేయి చాపి చూడండి. కంప్యూటర్‌లో డైవ్ స్క్రీన్ ఎలా ఉంటుందో చూపించమని అడగండి. బయట ఉన్నప్పటి గడియారం స్క్రీన్ కాదు, నీటిలో కనిపించేదే. లోతు ఎంత, ఇంకా ఎంతసేపు ఉండొచ్చు, దిగి ఎంతసేపైంది, ఈ మూడూ ఒక్క క్షణంలో చెప్పగలిగితే అది మీకు సరిపోయే కంప్యూటర్. ఒక్క అంకె కోసమైనా చేతిని ముందుకీ వెనక్కీ జరపాల్సి వస్తే దాన్ని వదిలేయండి, ఎంత పేరున్న కంపెనీదైనా సరే.

ఈ పరీక్షలో చేతి గడియారం సైజు మోడళ్లు చాలావరకు తప్పిపోతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, రోజూ పెట్టుకుని తిరగొచ్చు, కానీ ఆ చిన్న గుండ్రటి స్క్రీన్‌లోనే అన్నీ ఇరికించాలి. మీకైతే అరచేతిలో సగం పట్టే పెద్ద స్క్రీన్ మోడలే మేలు. షీర్‌వాటర్ పెరిగ్రిన్ లాంటి కలర్ స్క్రీన్లు స్వయంగా వెలుగుతాయి కాబట్టి మసక నీటిలోనూ అంకెలు కొట్టొచ్చినట్టు కనబడతాయి, ప్రమాద హెచ్చరిక ఎర్రగానే కనబడుతుంది. అంత పెట్టలేకపోతే నలుపు తెలుపు ఎల్‌సీడీలోనే పెద్ద అంకెలవి ఉన్నాయి: క్రెస్సీ లియొనార్డో, మేరెస్ పక్ వరుస, సూంటో జూప్ నోవో. ఇవి పాత తరహావే, అందానికి పేరుపడ్డవి కావు, కానీ చెప్పాల్సింది స్పష్టంగా చెబుతాయి. ఏది కొన్నా మాస్క్ అద్దం కింది అంచున లోపలి వైపు అతికించుకునే చిన్న రీడింగ్ లెన్స్‌లు దొరుకుతాయి, వాటి గురించి కూడా అడగండి. పవర్ ఉన్న మాస్క్‌లు కూడా వస్తాయి. నిజం చెప్పాలంటే మీ డబ్బులో మొదటి ఖర్చు దానికే పెట్టమంటాను.

బటన్ల సంగతి కూడా అక్కడే తేల్చుకోండి. లియొనార్డోకు ఒకటే బటన్. మెనూ అంతా ఆ ఒక్కదాన్ని నొక్కుతూ, పట్టి ఉంచుతూ తిరగాలి, కావాల్సింది దాటిపోతే మళ్లీ చుట్టూ తిరిగి రావాలి. కొందరికి అదే సులువు, కొందరికి విసుగు. నాలుగు బటన్లది ఇంకోలా ఉంటుంది. మాన్యువల్ చూడకుండా, అమ్మేవాళ్లు చెప్పకుండా, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువగా కలిపిన గాలి) 32 శాతం సెట్ చేసి మళ్లీ గాలికి మార్చగలరేమో ప్రయత్నించండి. అయిదు నిమిషాల్లో కుదిరితే అది మీ చేతికి అలవాటయ్యే రకం.

అర్థం కావడం విషయానికొస్తే, స్క్రీన్ మీద అన్నిటికన్నా ముఖ్యమైన అంకెను డైవర్లు ఎన్‌డీఎల్ అంటారు. ఈ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉంటే, మధ్యలో తప్పనిసరిగా ఆగే పని లేకుండా నేరుగా పైకి రావచ్చో అది చెబుతుంది. లోతుకు పోతే అది తగ్గుతుంది, కాస్త పైకి వస్తే పెరుగుతుంది. ఏ లోతులో ఎంతసేపు ఉండొచ్చో చెప్పే అచ్చు పట్టికల కన్నా కంప్యూటర్ గొప్పతనం ఇక్కడే. పట్టిక ప్రకారం మీరు డైవ్ మొత్తం అత్యంత లోతులోనే ఉన్నట్టు లెక్క, కంప్యూటర్ మీరు నిజంగా ఉన్న చోటును ప్రతి కొన్ని సెకన్లకూ చూసుకుంటుంది. ఆ అంకె సున్నా అయిపోతే స్క్రీన్ మారిపోతుంది. ఎన్‌డీఎల్ ఉన్న చోట ఒక లోతు, కొన్ని నిమిషాలు కనిపిస్తాయి, ఉదాహరణకు 3 మీటర్లు, 2 నిమిషాలు. అంటే 3 మీటర్ల దగ్గర 2 నిమిషాలు ఆగాకే పైకి రావాలి, అంతకన్నా పైకి పోకూడదు అని అర్థం.

ఒక డైవ్‌లో చూశాను, కొత్తగా సర్టిఫికెట్ తీసుకున్న ఒకావిడ స్క్రీన్ ఇలాగే మారింది. కంప్యూటర్ బీప్ కొడుతోంది. ఆవిడ మణికట్టును పదేపదే మొహం ముందుకు తెచ్చుకుని చూస్తోంది, బటన్ నొక్కుతోంది, ఆ బీప్ ఆగితే చాలన్నట్టు. అది సేఫ్టీ స్టాప్ అనుకుందట. డైవ్ గైడ్ పక్కనే ఉండి, ఆవిడ చేయి పట్టుకుని సరైన లోతులో ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆవిడ చేతికి ఉన్నది మంచి కంప్యూటరే. ఆ స్క్రీన్‌ను నీళ్లలోకి దిగకముందు ఎప్పుడూ చూడకపోవడమే ఇబ్బంది అయింది. ఇప్పుడు చాలా కంపెనీల మాన్యువల్స్ ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. కొనకముందే డౌన్‌లోడ్ చేసుకుని, డీకో స్క్రీన్ (తప్పనిసరిగా ఆగమని చెప్పేది) ఎలా ఉంటుంది, మామూలు సేఫ్టీ స్టాప్ స్క్రీన్ ఎలా ఉంటుంది అన్న రెండు పేజీలు మాత్రం చూడండి. సేఫ్టీ స్టాప్ అంటే 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం, అది జాగ్రత్త కోసం. డీకో స్టాప్ తప్పనిసరి. ఈ రెంటికీ తేడా కొట్టొచ్చినట్టు చూపించని కంప్యూటర్ కొత్తవాళ్లకు మంచిది కాదు.

డీకో స్టాప్ ఎగ్గొట్టి పైకి వస్తే చాలా మోడళ్లు ఆ తర్వాత 24 నుంచి 48 గంటలు లెక్క చెప్పడం మానేస్తాయి, లోతు, సమయం మాత్రమే చూపిస్తాయి. కొందరు దాన్ని చిరాకుగా చెప్పుకుంటారు. నాకైతే అది న్యాయంగానే అనిపిస్తుంది.

ఇక మీకు టెన్షన్ పెట్టిన ఆల్గరిథమ్‌లు, అంటే కంప్యూటర్ నైట్రోజన్ లెక్క వేసే పద్ధతులు. షీర్‌వాటర్, గార్మిన్ లాంటివి బ్యూల్‌మన్ లెక్కను వాడతాయి. సూంటో, క్రెస్సీ చాలాకాలంగా ఆర్‌జీబీఎమ్ అనే మరో పద్ధతి రకాలను వాడుతూ వచ్చాయి. ఓషియానిక్‌కు దాని పద్ధతులు దానికున్నాయి. వీటిలో కొన్ని ఎక్కువ సమయం ఇస్తాయి, కొన్ని తక్కువ ఇస్తాయి. ఏది "కరెక్ట్" అని గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు ఉన్నారు. మీ విషయంలో మాత్రం ఈ చిన్న లెక్క వేసి చూడండి. 12 లీటర్ల ట్యాంక్‌లో 200 బార్ గాలి, అందులో 50 బార్ అత్యవసరానికి వదిలేస్తే వాడుకోవడానికి 150 బార్, అంటే 1800 లీటర్లు. కొత్త డైవర్ నీటి పైన ఉన్నప్పుడు నిమిషానికి 20 లీటర్లు పీలుస్తుందనుకుందాం. 18 మీటర్ల దగ్గర అది 2.8 రెట్లు, నిమిషానికి 56 లీటర్లు. మీ గాలి 32 నిమిషాల్లో అయిపోతుంది. అదే 18 మీటర్లకు డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ పట్టిక మొదటి డైవ్‌కు 56 నిమిషాలు ఇస్తుంది. అంటే రోజులో మొదటి డైవ్‌లో కంప్యూటర్ ఉదారమైనదా, పిసినారిదా అన్నది తేలకముందే మీ ట్యాంక్ మిమ్మల్ని పైకి పంపేస్తుంది.

తేడా తెలిసేది ఎప్పుడంటే మూడోరోజు, మూడో డైవ్‌లో. అప్పటికి నెమ్మది భాగాలు నిండి ఉంటాయి. ఒక కంప్యూటర్ 20 నిమిషాలు అంటే పక్కవాళ్లది 11 అనొచ్చు. అందుకే మీకూ మీ ఆయనకూ ఒకే మోడల్ కొనుక్కోమంటాను, సెట్టింగ్ కూడా ఒకటే పెట్టుకోండి. వేర్వేరు అయితే నియమం సులువే: ఎవరి కంప్యూటర్ ముందు పైకి వెళ్లమంటే ఇద్దరూ అప్పుడే వెళ్లాలి.

ఎంత జాగ్రత్తగా లెక్క వేయాలో చెప్పే ఆ సెట్టింగ్‌నే కన్సర్వేటిజం అంటారు. చాలా కంప్యూటర్లలో రెండు మూడు మెట్లు ఉంటాయి. షీర్‌వాటర్ రిక్రియేషనల్ మోడ్‌లో తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని 45/95, 40/85, 35/75 కనిపిస్తాయి. మీరు చదివిన గ్రేడియంట్ ఫ్యాక్టర్లు ఇవే. రెండో అంకె ఒక్కటి పట్టించుకోండి చాలు: పైకి వచ్చేసరికి మీ శరీరాన్ని లెక్క ఒప్పుకునే గరిష్ఠ హద్దులో ఎన్ని శాతం దాకా వెళ్లనివ్వాలి అని దాని అర్థం. 95 అంటే హద్దుకు బాగా దగ్గర, 75 అంటే ఇంకా చోటు మిగిలినట్టు. మీ ఇద్దరికీ మధ్యస్థం చాలు. అలసట ఉన్నా, చలి వేసినా, ముందురోజు సరిగా నిద్రపోకపోయినా ఒక మెట్టు జాగ్రత్తగా పెట్టుకోండి. కంప్యూటర్‌కు ఇవేవీ తెలియవు. మీరు సరిగా నీళ్లు తాగారో లేదో తెలియదు, మీ వయసు తెలియదు. పెద్దవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి గుండె పై గదుల మధ్య పుట్టుకతో వచ్చిన చిన్న రంధ్రం పూర్తిగా మూసుకోకుండా ఉంటుంది. అది ఉన్నవాళ్లలో బుడగలు ఊపిరితిత్తుల వడపోతను తప్పించుకుని ధమనుల్లోకి పోవచ్చు, ఆ సంగతి మనకే తెలియకపోవచ్చు, ఇక దానికేం తెలుస్తుంది? ఎన్‌డీఎల్‌ను ఒక్క నిమిషం దాకా లాగకుండా, కనీసం అయిదు నిమిషాలు ఉండగానే పైకి కదలడం అలవాటు చేసుకుంటే, మీరు ఏ ఆల్గరిథమ్ కొన్నారన్నది పెద్ద విషయం కాదు.

కొనేటప్పుడు పెట్టె మీద ఈఎన్ 13319 అని కనిపిస్తే, అది మంచిదే. కానీ ఆ యూరోపియన్ ప్రమాణం లోతునూ సమయాన్నీ సరిగ్గా కొలుస్తుందా అన్నదానికి సంబంధించింది. నైట్రోజన్ లెక్క సురక్షితమని అది హామీ ఇవ్వదు. అమ్మేవాళ్లు అలా చెప్తే నమ్మకండి.

మీ ఇన్‌స్ట్రక్టర్ చెప్పిన ఎయిర్ ఇంటిగ్రేషన్ గురించి. ట్యాంక్‌కు బిగించే రెగ్యులేటర్ మొదటి భాగంలో (ఫస్ట్ స్టేజ్) ఉండే హై ప్రెషర్ పోర్ట్‌కు ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ బిగిస్తారు, అది ట్యాంక్ ఒత్తిడిని రేడియో తరంగాలతో మణికట్టుకు పంపుతుంది. బాగుంటుంది. నిమిషానికి ఎంత పీలుస్తున్నారో, ఈ లోతులో ఇంకెంతసేపు గాలి వస్తుందో కూడా చెబుతుంది. అయినా మొదటి ఏడాది మీకు అది లేకపోయినా లోటేం లేదు. ట్యాంక్ ఒత్తిడి చూపించే మామూలు గేజ్ చేతిలోకి తీసుకుని చూసే అలవాటు ముందు పడాలి. "ఇప్పుడు నా దగ్గర దాదాపు 120 ఉండాలి" అని మనసులో అనుకుని గేజ్ చూస్తే 120కి అటూ ఇటూగా ఉండాలి, అలా కుదిరేదాకా అభ్యాసం చేయండి. ట్రాన్స్‌మిటర్ సిగ్నల్ అప్పుడప్పుడు తెగుతుంది, దాని బ్యాటరీ కూడా అయిపోతుంది, కాబట్టి అది ఉన్నవాళ్లు కూడా చాలామంది మామూలు గేజ్ తీయరు. ఇంకో మాట, బోటు మీద సామాను సర్దేవాళ్లు ఆ ట్రాన్స్‌మిటర్‌ను పిడి అనుకుని దాన్ని పట్టుకుని ట్యాంక్ ఎత్తడం మామూలుగా జరిగేదే. విరిగితే ఆ రోజు డైవ్ పోయినట్టే. మీ ఇన్‌స్ట్రక్టర్ చెడ్డ సలహా ఇచ్చారని అనను. డబ్బు పుష్కలంగా ఉంటే తీసుకోండి. కానీ దానికోసం రెండో కంప్యూటర్ మానుకునేటట్టయితే వద్దు. ట్రాన్స్‌మిటర్ తర్వాత కలుపుకునే మోడల్ తీసుకోవడం మధ్యే మార్గం.

మీరు అడగలేదు గానీ, ఎవరో ఒకరు స్మార్ట్‌వాచ్ మాట ఎత్తుతారు. 2022లో వచ్చిన ఆపిల్ వాచ్ అల్ట్రాలో ఓషియానిక్ ప్లస్ యాప్ వేస్తే 40 మీటర్ల దాకా డైవ్ కంప్యూటర్‌గా పనిచేస్తుంది. గార్మిన్ డిసెంట్ వరుస అసలే డైవింగ్ కోసం చేసింది. కానీ "50 మీటర్లు వాటర్ రెసిస్టెంట్" అని రాసిన మామూలు వాచీతో స్కూబా చేయకూడదు. అది ఈత కొలనుకు సరిపోయే రకం, నైట్రోజన్ లెక్క అసలే లేదు.

బ్యాటరీ రెండు రకాలు. చార్జింగ్ రకం అయితే ట్రిప్‌లో రోజూ రాత్రి ఎంత మిగిలిందో చూసుకోవాలి. మనమే మార్చుకునే రకం అయితే వెనక మూత తిప్పి తీస్తారు, దాని కింద నీళ్లు పోకుండా ఆపే రబ్బరు రింగ్, ఓ-రింగ్ ఉంటుంది. ఆ రింగ్ మీద ఒక్క వెంట్రుక పడినా, ఒక ఇసుక రేణువు ఉన్నా నీళ్లు లోపలికి పోతాయి. మంచి వెలుగులో, పొడి చేతులతో, తలవెంట్రుకలు ముడి వేసుకుని ఆ పని చేయండి. కంపెనీ చెప్పిన సిలికాన్ గ్రీజు పలచగా రాయండి, ముద్దలా వద్దు. ముఖ్యంగా ట్రిప్‌కు బయల్దేరకముందే బ్యాటరీ మార్చేయండి. కొన్ని మోడళ్లలో బ్యాటరీ తీయగానే అప్పటిదాకా ఉన్న నైట్రోజన్ లెక్క చెరిగిపోతుంది, కాబట్టి రెండు డైవ్‌ల మధ్య మార్చడం అనేది ఆలోచించకూడని పని.

డైవ్ మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే ఆ డైవ్ అక్కడితో ముగించాలి. బడ్డీకి (జంటగా దిగినవారికి) చూపించి, నెమ్మదిగా పైకి, నిమిషానికి 9 మీటర్లు మించకుండా రావాలి, సేఫ్టీ స్టాప్ చేయాలి. తర్వాత 24 గంటలు నీళ్లలోకి దిగకపోవడం మంచిది. బడ్డీ కంప్యూటర్ చూసుకుంటూ ఆ రోజు మిగతా డైవ్‌లు చేసేద్దామనుకోవద్దు. కారణం పైనే చెప్పాను.

నైట్రాక్స్ సెట్టింగ్ లేని కంప్యూటర్ కొత్తగా ఇప్పుడు దాదాపు రాదు, కానీ పాతవాటిలో తగలొచ్చు. అది ఉన్నదే తీసుకోండి, మీరు ఏడాది తిరక్కుండానే ఆ కోర్సు చేస్తారు. 32 శాతం నైట్రాక్స్‌తో మామూలు హద్దు ప్రకారం 33 మీటర్ల దాకానే వెళ్లాలి, అంతకన్నా లోతులో ఆక్సిజనే విషమవుతుంది. ట్యాంక్‌లో ఏముందో కంప్యూటర్‌లోనూ అదే ఉందా అని ప్రతి డైవ్ ముందూ చూడాలి. కొన్ని మోడళ్లు కొన్ని గంటల తర్వాత సెట్టింగ్‌ను వాటంతటవే గాలికి మార్చేస్తాయి.

లాగ్‌ను ఫోన్‌లోకి పంపే బ్లూటూత్ ఉంటే సౌకర్యం, లేకపోయినా నష్టం లేదు. లైనక్స్ సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ 2011లో మొదలుపెట్టిన సబ్‌సర్ఫేస్ అనే ఉచిత ప్రోగ్రామ్ చాలా కంపెనీల కంప్యూటర్ల నుంచి డైవ్‌లను దింపుకుంటుంది. ఇంటికొచ్చాక ఇద్దరి గ్రాఫ్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఇద్దరి డైవ్ ఒకటే అన్న నమ్మకం మీ ఆయనకు అక్కడ తేలిపోతుంది.

ట్రిప్ అయ్యాక విమానం ఎక్కాల్సి ఉంటే, డైవర్ల భద్రత చూసే డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సూచన ప్రకారం డీకో అవసరం లేని డైవ్ ఒక్కటే చేస్తే కనీసం 12 గంటలు, రోజుకు ఎక్కువ డైవ్‌లు లేదా వరుసగా కొన్ని రోజులు చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. మీది రెండో రకం. ఆఖరి రోజు మధ్యాహ్నం తర్వాత డైవ్ పెట్టుకోకుండా, మర్నాడు సాయంత్రం విమానం పట్టుకోండి. 24 గంటలు దాటుతుంది, లెక్కలతో పని ఉండదు. కొన్ని కంప్యూటర్లు "నో ఫ్లై" గుర్తు చూపిస్తాయి, అందులో కొన్ని ఏ డైవ్‌కైనా 24 గంటలు గుడ్డిగా లెక్కపెట్టేవే, అయినా అది ఆరిపోయేదాకా ఆగితే పోయేదేం లేదు.

చివరికి మీ మరిది ఇస్తానన్నది. ఊరికే వస్తోంది కాబట్టి వద్దనను, చూసి తీసుకోండి. బ్యాటరీ మూత తీసి లోపల చూడండి: స్ప్రింగుకూ అంచులకూ పచ్చటి తుప్పు కనిపిస్తే ఎప్పుడో నీళ్లు పోయినట్టు, తీసుకోవద్దు. ఆ మోడల్‌కు బ్యాటరీ, ఓ-రింగ్ ఇంకా దొరుకుతున్నాయో లేదో, ఆ సీరియల్ నంబర్ మీద ఏదైనా రీకాల్ ఉందో లేదో కంపెనీ సైట్‌లో చూడండి. మీ మరిది సెట్టింగ్‌లు అందులోనే ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ శాతం, కన్సర్వేటిజం, ఎత్తు ప్రదేశాల సెట్టింగ్, మీటర్లా అడుగులా, తేదీ, సమయం అన్నీ సరిచూసుకోండి. అతను దానితో ఈ రెండు మూడు రోజుల్లో డైవ్ చేయలేదని కూడా అడిగి తెలుసుకోండి. మొదటి డైవ్ దానితో ఒక్కదానితోనే చేయకండి, పక్క చేతికి అద్దెది ఇంకొకటి పెట్టుకుని రెండింటి లోతూ సరిపోల్చండి. అర మీటరు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు, రెండు మీటర్ల తేడా వస్తే పక్కన పెట్టేయండి. ఇవన్నీ దాటితే ఆ కంప్యూటర్ మీ ఆయనకు ఇవ్వండి, కొత్తగా కొనే పెద్ద స్క్రీన్‌ది మీరు తీసుకోండి. కళ్లు ఇబ్బంది పెడుతున్నది మీకు కదా. రెండూ వేర్వేరు మోడళ్లు అవుతాయి కాబట్టి ఏది ముందు పైకి రమ్మంటే ఇద్దరూ అప్పుడే వచ్చేయాలన్న నియమం బోటు ఎక్కకముందే ఇద్దరూ మాట్లాడుకోండి.